గుడారంలో అగ్నిహోత్రుడు

అమరకోశం అగ్నికి ఎన్నో పర్యాయపదాలను చెప్పింది. వహ్ని, పావకుడు, అనలుడు, కృశానువు వంటివి విద్యార్థులకు పరిచితాలే. వాటి నడుమ ‘ఆశ్రయాశుడు’ అనే పేరు ఒకటి ఉంది. తనకు ఆశ్రయమిచ్చిన దానినే భక్షించేవాడు అని దాని అర్థం. తరగతి గదిలో ఏళ్ల తరబడి ఈ పదానికి వ్యుత్పత్తి చెబుతూ వచ్చాను. అందులోని సత్యం ఎంత కఠోరమైనదో హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో, ఒక కాన్వాసు గుడారంలో గడిపిన నాలుగు రాత్రులు నాకు బోధించాయి.

సంస్కృతంలో గుడారాన్ని ‘పటకుటి’ అంటారు. పటమంటే వస్త్రం, కుటి అంటే ఇల్లు. బట్టతో కట్టిన ఇంట్లో నిప్పు రాజేయడం సాహసమే. అయినా శీతల దేశాల మానవుడికి ఆ సాహసం తప్పలేదు. ఉత్తర అమెరికా మైదానాల ఆదివాసులు తమ ‘టీపీ’ గుడారాల శిఖరాన పొగ పోయే రంధ్రాన్ని ఉంచి, గాలివాటును బట్టి తిప్పుకొనే తెరలను అమర్చుకొన్నారు. ఆ నిర్మాణం స్ఫూర్తితో హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అనే అమెరికా సైనికాధికారి శంకువు ఆకారపు గుడారాన్ని రూపొందించి 1856లో పేటెంటు పొందాడు. అందులో వాడిన ఇనుపరేకు పొయ్యి కూడా ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. మంగోలియా పశుపాలకుల ‘గెర్’లో పొయ్యి గొట్టం పైకప్పు నడిమి వలయం గుండా వెలుపలికి సాగుతుంది. మన కాశ్మీరు, లడాఖ్, హిమాచల్ ప్రాంతాలలో కట్టెలతో మండే ఇటువంటి ఇనుప పొయ్యిని ‘బుఖారీ’ అంటారు.

సంక్రాంతి సెలవుల్లో పన్నెండుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని అక్కడి పాదయాత్రా శిబిరానికి వెళ్లాను. శిబిరంలోని గుడారాలను కనిపెట్టుకొని ఉండే వృద్ధుడికి డెబ్బై ఏళ్లు దాటాయి. మేము చేరిన సాయంత్రమే ఆయన మా గుడారంలో బుఖారీని అమర్చాడు. ఆ పనిలోని క్రమశిక్షణను చూస్తూ ఉంటే, ఒక యాగశాలలో వేదిక నిర్మాణం చూస్తున్నట్లు నాకు అనిపించింది.

కొత్త పొయ్యిని మొదట ఆరుబయట మండించాడు. దాని పైపూత కాలేటప్పుడు వెలువడే ఘాటైన ఆవిరి గుడారంలో నిండకుండా ఉండడానికి ఆ జాగ్రత్త. ఆ తరువాత లోపల ఎండుగడ్డిని చెక్కివేసి, నేలను చదును చేసి, రాతి పలకలు పరచి వాటిపై పొయ్యిని నిలిపాడు. నాలుగు వైపులా గుడ్డకు గాని, పరుపులకు గాని మూడడుగులకు తక్కువ కాని దూరాన్ని పాటించాడు. పడుకొన్నవారికీ ద్వారానికీ మధ్య పొయ్యి అడ్డు రాకుండా చూశాడు. ఆపద వచ్చినప్పుడు నిప్పును దాటి పారిపోవలసిన దుస్థితి ఎవరికీ కలగరాదు కదా!

గొట్టం కాన్వాసును దాటే చోటే అత్యంత ప్రమాదకరమైనది. అక్కడ వేడిని తట్టుకొనే గాజునార వస్త్రంతో వెడల్పయిన మాసిక వేసి ఉంది. గొట్టం ఆ మాసిక నడుమ నుండి మాత్రమే పోవాలి. కాన్వాసును ఏ మాత్రం తాకరాదు. గొట్టపు ముక్కలను కలిపేటప్పుడు, పై ముక్క సన్నని అంచు కింది ముక్కలో దిగేటట్లు బిగించాడు. పొగలోని తారు కరిగి జారినా అది గొట్టం లోపలనే పొయ్యిలోకి దిగుతుంది. గొట్టం కొనను గుడారపు శిఖరం కన్న ఎత్తుకు నిలిపాడు. అప్పుడే గాలి పొగను వెనక్కు నెట్టదు. నిప్పురవ్వలు కాన్వాసుపై రాలకుండా కొనకు ఇనుప జల్లెడ తొడిగాడు. గాలికి ఊగకుండా తీగెలతో మూడు దిక్కులా బిగించాడు. ఇసుక బకెట్టు ఒకటి, నీళ్ల బకెట్టు ఒకటి ద్వారం దగ్గర పెట్టించాడు.

కట్టెలను రెండింటిని ఒకదానితో ఒకటి తాకించి చూశాడు. ఖంగుమని మోగినవాటినే లోపలికి తీసుకొన్నాడు. పచ్చి కట్టె పొగను పెంచుతుంది, గొట్టంలో తారు పేరుకొనేలా చేస్తుంది. ఆ తారు అంటుకొంటే గొట్టమే కొరివి అవుతుంది.

రాత్రి భోజనాలయ్యాక చలి ముదిరింది. ఒక విద్యార్థి, “సార్, ద్వారం తెరను పూర్తిగా కట్టేద్దాం. నిప్పు కణకణలాడుతోంది, పొగ కూడా లేదు. తెల్లవార్లూ వెచ్చగా ఉంటుంది” అన్నాడు. మిగిలినవారు తలలు ఊపారు. వృద్ధుడు మాత్రం తెర కింద జానెడు సందును అలాగే ఉంచి, నాతో, “మాస్టర్‌జీ, నిద్రపోయే ముందు నిప్పు ఆర్పవలసిందే. చలితో పిల్లలు వణుకుతారు, అంతే. మూసిన గుడారంలో నిప్పు ఉంటే లేవరు” అన్నాడు.

నాకు తర్కశాస్త్రం గుర్తుకు వచ్చింది. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించవచ్చు. కాని నిప్పు ఉన్నచోటనల్లా పొగ ఉంటుందని చెప్పరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పచ్చి కట్టె తోడైతేనే పొగ పుడుతుందని తార్కికులు తేల్చారు. కనుక పొగ లేదన్న మాట ప్రమాదం లేదనడానికి ప్రమాణం కాదు.

సైన్సు ఈ మాటకు మరింత బలం చేకూర్చింది. గాలి చాలక నిప్పు సగం సగంగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పెనవేసుకొంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం దాని తొలి సూచనలు. నిద్రలో ఉన్నవారికి ఆ సూచనలు సైతం అందవు. ఎత్తయిన ప్రదేశాలలో గాలే పలచన కనుక ముప్పు ఇంకా అధికం. దానిని పసిగట్టి మోగే చిన్న బ్యాటరీ పరికరాలు నేడు లభిస్తున్నాయి. అయితే అవి కాపలాదారులే గాని, గాలి సందుకు ప్రత్యామ్నాయాలు కావు.

ఆ పన్నెండుమందినీ వారి తల్లిదండ్రులు నన్ను నమ్మి పంపారు. నేను వృద్ధుని పక్షమే వహించాను. నిప్పు ఆర్పించాను. ఆ రాత్రి అందరం కంబళ్లలో ముడుచుకొని పళ్లు పటపటలాడిస్తూ గడిపాం. మరునాడు విద్యార్థుల ముఖాలలో నా మీద కినుక కనిపించింది. దానిని సంతోషంగానే స్వీకరించాను. కినుక వహించడానికైనా వారు క్షేమంగా నిద్ర లేచారు!

నేడు మన లంబసింగి, అరకు ప్రాంతాలలోనూ చలికాలంలో గుడారాలలో బస చేసే యాత్రికులు ఉన్నారు. చలికి ఓర్వలేక బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చుకోవాలనే ఆలోచన ఎవరికైనా కలగవచ్చు. పొగగొట్టం లేని కుంపటికి గుడారంలో చోటు లేదు. గొట్టం ఉన్న పొయ్యికైనా మెలకువగా ఉన్న మనిషి కాపలా అవసరం.

అగ్నిని దేవుడన్న మన పూర్వులే ఆయనను ఆశ్రయాశుడని కూడా అన్నారు. ఆ రెండు పేర్లనూ కలిపి గుర్తుంచుకోవడమే వివేకం. చలి నుండి మనల్ని కాపాడేది నిప్పు. నిప్పు నుండి కాపాడేది గాలికి విడిచిన ఆ జానెడు సందు.