ఏ సైడ్ నిలబడతావన్నా?

చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ తగిలి నా ఎడమ కంటి చూపు మందగించింది. కాలేజీ క్రికెట్ సెలక్షన్స్‌లో ఆ సంగతి దాచేశా. రెండు క్యాచ్‌లు వదిలేసి ఇంటికొచ్చా. మళ్లీ గ్రౌండ్ వైపు వెళ్లలేదు.

మొన్న రాత్రి ఫోన్‌లో విల్లీ ఓరీ గురించి చదివా. కెనడా ఐస్ హాకీ ప్లేయర్. పక్ తగిలి కుడి కన్ను దాదాపు పోయింది. డాక్టర్ ఇక ఆడొద్దన్నాడు. ఆయనేమో ఎవరికీ తెలియనివ్వకుండా మళ్లీ మంచు మీదకి దిగాడు. 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ తరఫున ఆడి, ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆ లీగ్‌లో మొత్తం ఆడింది 45 మ్యాచ్‌లు, కొట్టింది 4 గోల్సే.

తర్వాతి కథే నాకు నిద్ర పట్టనివ్వలేదు. లెఫ్ట్ వింగ్‌లో ఉంటే పక్ కోసం మెడ మొత్తం కుడివైపు తిప్పాల్సి వచ్చేది. లాస్ ఏంజెలెస్‌లో మైనర్ లీగ్ ఆడుతున్నప్పుడు రైట్ వింగ్‌కి మారాడు. ఇప్పుడు పక్ మంచి కన్ను వైపు నుంచే వస్తుంది. 1964-65 సీజన్‌లో 38 గోల్స్! 1979 దాకా ఆడాడు. 2022లో బ్రూయిన్స్ ఆయన 22వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా రిటైర్ చేసింది.

నిన్న మా వీధి పిల్లల ఆటలోకి వెళ్లా. “ఎడమ కన్ను సరిగా కనపడదురా” అని ముందే చెప్పేశా.

“అయితే ఏ సైడ్ నిలబడతావన్నా?” అన్నారు. అంతే.