మెట్ల కింద లేత్

ఆ గది పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగులు. దానికి విడిగా పైకప్పు లేదు. మేడ మీదికి పోయే మెట్ల అడుగుభాగమే కప్పు. తలుపు దగ్గర 7 అడుగుల ఎత్తుండి, లోపలికి పోయేకొద్దీ వాలుతూ, ఆఖరికి మోకాలి ఎత్తుకు దిగిపోతుంది. మన ఇళ్లలో ఇలాంటి చోట ఇన్వర్టరో, పాత బకెట్లో, కాలు విరిగిన కుర్చీలో ఉంటాయి. ఇక్కడ లోహపు ముక్కను గిరగిరా తిప్పుతూ కోసే ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక బెంచి వైస్, కొలతలకు నల్లరాతి పలక, వాటికి కావలసిన సరంజామా అంతా ఉంది. మనిషి పనిచేసుకోవడానికి చోటు కూడా మిగిలింది.

హైదరాబాద్‌లో చింతల్ దగ్గరి ఒక సందులో ఉందీ ఇల్లు. యజమాని ఒక టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను కనుక ఇక్కడా అలాగే రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల లోహం కోసే పని తెలిసిన కుటుంబాలకు కొదవ లేదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిసింది. హెచ్‌ఎంటీ సరేసరి. ఆ కాలంలో టర్నర్లుగా, ఫిట్టర్లుగా, టూల్‌మేకర్లుగా చేరినవాళ్లు ఎంతోమంది ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నారు. చేతిలో విద్య ఉంది, ఆడించడానికి మిషన్ లేదు. షెడ్డు వేసుకునే స్థలం ఉంటే కదా అనుకుని ఆగిపోయినవాళ్లే ఎక్కువ. బాబాయ్ ఆగలేదు.

“మిషన్‌కి పట్టే చోటు ఎంతనుకున్నారు? రెండున్నర అడుగులు. పనికి పట్టే చోటు లెక్కేసుకోవాలి” అన్నారు గడప దగ్గర నిలబడి.

ఈ ఒక్క మాట చుట్టూనే ఆ గది అంతా అల్లుకుని ఉంది. చిన్న లేత్‌ను దుకాణంలో చూస్తే బల్ల మీద పట్టేసేలా కనిపిస్తుంది. నడపడం మొదలుపెట్టాకే దాని అసలు కొలత బయటపడుతుంది. టెయిల్‌స్టాక్ అంటే కుడి కొసన పనికి ఆసరా ఇచ్చే భాగం, ఇంకా కుడివైపుకు జరగాలి, దానిలోంచి డ్రిల్లు బిట్టు తీసి పెట్టాలి. ఎడమవైపు పనిని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, రంధ్రంలోంచి రాడ్డు వెనక్కి పొడుచుకొస్తుంది. చక్రాలు తిప్పేటప్పుడు మోచేతులు ఆడాలి. లోహపు తరుగు ఎగిరి పడటానికి దారి కావాలి. వెనక నుంచి బెల్టు మార్చుకోవడానికి చెయ్యి పట్టాలి. అందుకే మిషన్ కొనకముందే ఆయన ఖాళీ గదిలో నేల మీద సుద్దముక్కతో గీతలు గీశారు. మిషన్ ఎంత ఉంటుందో అంత అట్టపెట్టె పెట్టి, దాని ముందు స్టూలు వేసుకుని, లేని చక్రాలను చేత్తో తిప్పి చూసుకున్నారు. గోడకు తగిలిన మోచెయ్యే ఆయనకు కొలబద్ద. తగిలిన ప్రతిసారీ గీత చెరిపి జరిపారు.

మొదట్లో మెట్ల వాలు పెద్ద అడ్డంకి అనిపించిందట. చివరికి గదిని సర్దిపెట్టింది ఆ వాలే. తలుపు దగ్గర తల తగలదు కాబట్టి నిలబడి చేసే పని అక్కడే. ద్వారబంధాన్ని ఆనుకుని బెంచి వైస్ బిగించారు. పొడవాటి పట్టీ ఏదైనా ఆకురాయితో రాయాల్సి వస్తే దాని రెండో కొస తలుపులోంచి వరండాలోకి పోతుంది. మధ్యలో ఎత్తు తగ్గుతుంది కనుక అక్కడ కూర్చుని చేసే పని, అంటే లేత్. దాని బల్ల మామూలు కన్నా బాగా కిందికి ఉంటుంది, ముందు పొట్టి స్టూలు. కూర్చుంటే ముఖం పనికి దగ్గరవుతుంది కాబట్టి రాడ్డును పట్టి తిప్పే చక్ మీద పారదర్శకమైన పాలీకార్బొనేట్ అడ్డు పెట్టారు. అది దించితేగాని మోటారు స్విచ్చి అందదు. లేత్ స్పిండిల్ ఉన్న కొస వాలు వైపుకు ఉంది. దాని వెనక రెండు అడుగుల రాడ్డు వరకు కప్పుకు తగలకుండా తిరుగుతుంది. అంతకన్నా పొడవైనది ముందే హాక్సాతో కోసుకోవాల్సిందే. ఇది లోటు కాదంటారాయన. స్పిండిల్ వెనక ఆసరా లేకుండా తిరిగే పొడవాటి రాడ్డు వేగం పెరిగేసరికి వంగి కొరడాలా కొట్టేస్తుంది, పెద్ద వర్క్‌షాపుల్లోనూ దానితో ఎముకలు విరిగాయి. ఇక అన్నిటికన్నా లోపల, మోకాలి ఎత్తు చోట, ఇనుప రాడ్లు, ఇత్తడి ముక్కలు, అల్యూమినియం పట్టీలు బారుగా పడుకుని ఉన్నాయి. ఎక్కువభాగం బాలానగర్ చిన్న వర్క్‌షాపుల్లో కిలోల లెక్కన తెచ్చుకున్న కోత ముక్కలే. పనిముట్లు కావాలంటే రాణిగంజ్ బజారుకు వెళ్తారు.

ఈ గదిలోకి ఏం తెచ్చారన్న దానికన్నా ఏం బయటికి పంపారన్నది నాకు ఎక్కువ నచ్చింది. మొదట పంపింది ఇన్వర్టర్ బ్యాటరీని. ఛార్జింగులో అది వదిలే ఆమ్లపు ఆవిరి చుట్టూ ఉన్న ఇనుమునంతా తుప్పు పట్టిస్తుంది, హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వలు రేగే మిషన్ ఉండకూడదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసాకూ ఇక్కడ చోటు లేదు. గ్రైండర్ పెరట్లో, రేకు కింద ఉంది. టూల్ సానపట్టాలంటే అంత దూరం లేచి వెళ్తారు. సానరాయి నుంచి రాలే పొడి కంటికి ఆనదు, కానీ అది లేత్ పట్టాల్లాంటి బెడ్డు మీద నూనెతో కలిస్తే, టూల్‌ను మోసే క్యారేజీ కదిలిన ప్రతిసారీ బెడ్డును అరగదీస్తుంది. స్థలం లేదన్న సాకుతో రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి మంచి లేత్‌ను చేతులారా పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

లేత్ బరువు 40 కిలోల పైచిలుకు. ఇద్దరు మోసుకుని రావచ్చు. మోటారు 550 వాట్లు, మన వంటింటి మిక్సీలు చాలావాటికన్నా తక్కువే. ఇంటి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ కరెంటు చాలు. ఇంత తేలిక మిషన్‌కు సొంత బరువు వల్ల వచ్చే నిలకడ ఉండదు, దాన్ని కింది నుంచి ఇవ్వాలి. ఇటుక గోడల మీద 4 అంగుళాల కాంక్రీటు పలక పోయించి, పైన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క పరిచి, లేత్‌ను బోల్టులతో బిగించారు. వంటింటి గట్టు కట్టిన మేస్త్రీయే ఇదీ కట్టాడు. కింద రబ్బరు ముక్కలు ఉండటంతో అదురు మెట్లలోకి ఎక్కదు. గ్రానైట్ మెరుస్తోంది కదా అని దాని మీద కొలతలు తీయరు. మెరుపు వేరు, చదును వేరు. కొలతల పలక విడిగా ఉంది, చెక్క మూతతో కప్పి.

బోల్టులు బిగించగానే పని అయిపోలేదు. నాలుగు కాళ్లలో ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా బిగింపుకు బెడ్డు మెలిపడుతుంది, కోసిన రాడ్డు ఒక కొసన లావుగా, ఒక కొసన సన్నంగా వస్తుంది. దీన్ని పట్టుకునే పద్ధతి నా కళ్ల ముందే చేసి చూపించారు. చక్‌లో ఒక లావుపాటి రాడ్డు పట్టించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, దాని మీద దూరంగా రెండు పట్టీలు మాత్రం వదిలి మధ్యభాగం లోతుగా కోశారు. తర్వాత టూల్ ముందుకు వెనక్కు జరపకుండా ఒకే సెట్టింగులో రెండు పట్టీలనూ పల్చగా కోసి మైక్రోమీటర్‌తో కొలిచారు. రెండింటికీ తేడా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు కాలి కింద పల్చటి రేకు పెట్టి మళ్లీ కోయాలి. కూల్‌డ్రింక్ టిన్ను రేకు దాదాపు పదోవంతు మిల్లీమీటరు మందం, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఆయన లేత్ కాళ్ల కింద ఆ రేకులు ఇంకా ఉన్నాయి. రెండు పట్టీల తేడా మైక్రోమీటర్ మీద నాకు కనిపించలేదు.

గదిలో ట్యూబ్‌లైటు లేకపోవడం చూసి ఎందుకని అడిగాను. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. పాత చోకు ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. చక్‌కు మూడు దవడలు. అది నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సెకనుకు 33 చుట్ల పైచిలుకు, అంటే కంటి ముందు నుంచి సెకనుకు సరిగ్గా 100 దవడలు పోతాయి. వెలుగు వెలిగిన ప్రతిసారీ దవడ ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆగిపోయిందనుకుని చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. అందుకని 12 వోల్టుల డీసీ దీపం పెట్టుకున్నారు. ప్లగ్గుకు విడిగా ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే ఎర్త్ లీకేజ్ స్విచ్ ఉన్నాయి. తలుపుకు ఒక అట్ట వేలాడుతోంది. పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, మెడలో కండువా, చున్నీ, వేలాడే గొలుసు, ఏదీ లోపలికి రాకూడదు. చక్ తాళం చేతిలో ఉండాలి లేదా మేకుకు ఉండాలి, చక్‌లో మాత్రం ఉండకూడదు.

ఇల్లాలు పెట్టిన షరతు ఒక్కటే. వంటింట్లోకి ఇనుప తరుగు రాకూడదు. మనం ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాం. ఒక్క సన్నటి స్టీలు ముక్క పాదంలో దిగిందంటే నడక నరకమే. అందుకని గడప 4 అంగుళాలు ఎత్తు పెంచారు. గది చెప్పులు గదిలోనే ఉంటాయి, వాటితో గడప దాటరు. బయటికొచ్చేముందు అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా ఒకసారి గాలిస్తారు. ఇత్తడి, అల్యూమినియం తరుగు అయస్కాంతానికి రాదు, దానికి కుంచె. మధ్యాహ్నం నిద్రపోయే వేళ, రాత్రి ఎనిమిది దాటాక మోటారు వెయ్యరు. ఆ గంటలు గీతలు గీసుకోవడానికి, ఆకురాయి పనికి. వానాకాలంలో మిషన్‌కు నూనె పూసి పాత నూలు చీర కప్పుతారు. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా ముందే వస్తుంది. మైక్రోమీటర్లున్న సొరుగు తెరిస్తే గుప్పున కర్పూరం వాసన, తుప్పు పట్టకుండా. అది టూల్‌రూమ్ పాత అలవాటు.

నేను వెళ్లిన రోజు వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ కుట్టుమిషన్ పని ఉంది. తొక్కుడు పలకను మోసే మొనదేలిన స్క్రూ ఒకవైపు అరిగిపోయి పలక ఊగిసలాడుతోంది. కొత్తది బజారులో దొరకలేదు. పాత స్క్రూకు మరగేజీ పెట్టి చూస్తే అది అంగుళానికి 16 మరలున్న 55 డిగ్రీల మర. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బ్రిటన్‌లో ప్రతిపాదించిన ప్రమాణం చింతల్‌లో ఒక దర్జీ కాలి కింద ఇంకా బతికే ఉంది. బాబాయ్ లేత్ మిల్లీమీటర్లది. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి దాని మీద అంగుళాల మర తప్పు లేకుండా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. అంత పెద్ద గేరు ఈ చిన్న మిషన్ మూతలో పట్టదు. 80 పళ్లది, 63 పళ్లది జత చేస్తే దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. తేడా అంగుళం పొడవుకు మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు, కుట్టుమిషన్‌కు అది లెక్కలోకి రాదు.

మరకోత మోటారుతో చెయ్యలేదు. స్పిండిల్ వెనక్కి ఒక చేతి హ్యాండిల్ తగిలించి నింపాదిగా తిప్పారు. చిన్న లేత్ ఎంత నిదానంగా నడిపినా మర చివరకొచ్చేసరికి ఆపడానికి వ్యవధి ఉండదు, చేత్తో అయితే సరిగ్గా గీత దగ్గర ఆగవచ్చు. చప్పుడు లేదు, చుక్క చుక్కగా నూనె, ఒక్కో కోతకు సన్నటి చుట్టలా ఊడివచ్చే స్టీలు. ఆఖర్న మొన కోయడానికి పై స్లైడు కోణానికి తిప్పి బిగించారు. సాయంత్రానికి రెండు వైపులకూ రెండు స్క్రూలు తయారు. ఆవిడ వచ్చి తీసుకుంటూ “ఎంతివ్వమంటారు బాబాయ్‌గారూ” అంది. పాత స్క్రూలు ఇక్కడే వదిలెయ్యమన్నారు, కొలతలకు పనికొస్తాయని.

ఇలాంటి గదులు కొత్తేమీ కాదు. ఇళ్లలో లేత్ పెట్టుకునేవాళ్ల కోసం లండన్‌లో పెర్సివల్ మార్షల్ 1898లోనే ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో మైఫోర్డ్ కంపెనీ ఎంఎల్7 అనే చిన్న లేత్ తెస్తే, అక్కడివాళ్లు దాన్ని ఇళ్ల షెడ్లలో, నేలమాళిగల్లో పెట్టుకుని నమూనా ఆవిరి ఇంజన్లు తయారుచేసుకున్నారు. విడిగా మిల్లింగ్ మిషన్ కొనే స్తోమత లేక, టూల్‌ను అడ్డంగా జరిపే లేత్ క్రాస్‌స్లైడు మీదే నిలువు స్లైడు బిగించి ఆ పనీ చేసుకున్నారు. బాబాయ్ దగ్గరా అలాంటి స్లైడు ఉంది. బిగుతు తక్కువ, కోత పల్చగా తీసుకోవాలి, ఓపిక పట్టాలి. కానీ ఇంకో మిషన్‌కు కావలసిన రెండడుగులు మిగిలాయి.

మన దగ్గర లేనిది ఈ ఇంటి అలవాటే. టర్నర్ పని అంటే ఫ్యాక్టరీ గేటులోపల చేసేది, గేటు మూస్తే పోయేది అని స్థిరపడిపోయాం. ఒక వీణో హార్మోనియమో ఇంట్లో ఉన్నంత సహజంగా ఒక లేత్ ఉండటాన్ని మనం ఊహించలేదు. దీనివల్ల పోయేది స్పేర్‌పార్టు ఒక్కటే కాదు. టూల్ అంచు మొద్దుబారితే చప్పుడు ఎలా మారుతుందో, స్టీలు ఏ రంగుకు వచ్చేసరికి వేడెక్కినట్టో తెలిసిన మనిషి దగ్గర పక్కింటి పిల్లవాడు నిలబడి చూసే అవకాశం పోతుంది. పుస్తకం అది ఇవ్వలేదు, వీడియో సగమే ఇస్తుంది.

అలా నిలబడి చూసే పిల్లవాడు ఒకడు ఆ సాయంత్రం ఉన్నాడు, పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. వాళ్ల ఫ్లాట్‌లో బాల్కనీ ఉందట, 4 అడుగుల వెడల్పు. ఏ లేత్ కొనమంటారని అడిగాడు.

“లేత్ ఇప్పుడే వద్దు నాన్నా. ముందు మంచి వైస్, నాలుగు రకాల ఆకురాళ్లు, ఒక హాక్సా, వెర్నియర్, మూలమట్టం. వీటితో ఒక ఇనుప ముక్కను ఆరు వైపులా చదును చేసి తీసుకురా. తర్వాత డ్రిల్లింగ్ మిషన్. లేత్ ఆ తర్వాత.”

“బాల్కనీలోకి వాన కొడుతుంది బాబాయ్.”

“అయితే మొదటి ఖర్చు వైస్ కాదు, షట్టరు. గోడ ఏ వైపుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, వాషింగ్ మిషన్ ఎక్కడుంది, అన్నీ గీసుకుని ఆదివారం రా. సుద్దముక్క నేనిస్తాను.”