నిమ్మకాయ బండి

మన పల్లెల్లో ఎవరైనా కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మీరంతా చూసే ఉంటారు. మన ఇళ్లలో ఆ అలవాటు లేకపోయినా షోరూము కుర్రవాడు అడక్కుండానే నాలుగు కాయలు తెచ్చి పెడతాడు. అమెరికాలో మాత్రం చెడ్డ బండినే నిమ్మకాయ అంటారని, దాని పేరున ఒక చట్టం కూడా ఉందని నాకు అరవై దాటాక గాని తెలియలేదు.

2023 మే నెలలో మా పెద్దమ్మాయి పురిటికి సాయంగా నేనూ, మావారూ కాలిఫోర్నియా వెళ్లాం. అంతకుముందు డిసెంబరులోనే అమ్మాయీ అల్లుడూ 36,000 డాలర్లు పెట్టి కొత్త కారు కొన్నారు. చూడడానికి ముత్యంలా ఉంది. మేము దిగిన మూడో రోజున అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్తూ ఉండగా, ఎటు చూసినా బళ్లు దూసుకుపోయే పెద్ద రోడ్డు మీద, మధ్య వరుసలో ఇంజను చప్పున ఆగిపోయింది. అల్లుడు ఎలా పక్కకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. వెనక సీట్లో నేను ఏడు నెలల గర్భిణి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా కారు ఊగేది.

అది మొదటిసారి కాదట. మార్చిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి ఆగితే డీలరు షెడ్డుకు తీసుకెళ్లారు. "కంప్యూటరు పెట్టి చూశాం, లోపమేమీ కనబడలేదు" అని తిప్పి పంపారు. మేము చూస్తుండగా మూడోసారి, జూన్‌లో నాలుగోసారి వెళ్లింది. నాలుగోసారి పన్నెండు రోజులు అక్కడే ఉంది.

ఆ రోజుల్లోనే, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక తెలుగు కుర్రవాడు మా అల్లుడితో "అన్నా, తక్కువలో ఎవరిదైనా కారు ఉంటే చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు చాలా తేలిగ్గా, "ఇంకెందుకు అల్లుడుగారూ ఈ తలనొప్పి? శుభ్రంగా కడిగించి ఆ అబ్బాయికి ఇచ్చెయ్యండి. మన ట్రాక్టరు నేను అలాగేగా వదిలించుకుంది" అన్నారు.

మా అమ్మాయి కంచంలో చెయ్యి ఆపేసింది. "ఏ ట్రాక్టరు నాన్నా?" అంది.

దానికి గుర్తుండే వయసు కాదు. నాకు మాత్రం అన్నం గొంతు దిగలేదు. 1993లో పొలం తనఖా పెట్టి, బ్యాంకు అప్పుతో కొత్త ట్రాక్టరు కొన్నాం. మొదటి దమ్ముల్లోనే లిఫ్టు నిలవకుండా దిగజారిపోయేది. గేరు జారేది. డీలరుకు కబురు పెడితే మెకానిక్కు వచ్చి ఏదో బిగించి పోయేవాడు, ఓ వారం బాగుండేది, మళ్లీ మొదటికే. రెండేళ్లలో ఎన్నిసార్లు షెడ్డుకు తిప్పామో ఇప్పుడు లెక్క చెప్పలేను. వాళ్లు ఒక్క కాగితం ఇవ్వలేదు, మేము ఒక్కటీ అడగలేదు. వాయిదాలు మాత్రం తప్పకుండా వచ్చేవి.

1995లో పక్క ఊరి రైతొకాయన కొనడానికి వచ్చాడు. ముందు రోజు రాత్రి మావారు గేరుపెట్టెలో చప్పుడు వినపడకుండా చిక్కటి నూనె పోయించారు. రంగు వేయించారు. ఆయన చుట్టూ తిరిగి చూసి, చివరకు అరుగు మీద కూర్చుని, నాకేసి చూసి "ఏమైనా ఇబ్బంది ఉందా చెల్లెమ్మా?" అని అడిగాడు. నేను మజ్జిగ గ్లాసు చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఆ ఏడు దమ్ముల కాలంలో ట్రాక్టరు మొరాయిస్తే, కూలికి వేరే బండి పెట్టుకోవడానికి ఆయన భార్య నానుతాడు తాకట్టుకు వెళ్లిందని తరువాత విన్నాను. ఒకసారి ఆయన మా గుమ్మం ఎక్కి అడిగితే, "మా దగ్గర ఉన్నప్పుడు బాగానే ఉంది" అని మావారు జవాబిచ్చారు. ఆ మాట నేను వంటింట్లోంచి విన్నాను.

ఇదంతా అమ్మాయికి ఆ రాత్రి నేనే చెప్పాను. మావారు మధ్యలో లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నారు.

అల్లుడు ఏమీ అనలేదు. మర్నాడు ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ తెచ్చుకున్న రిపేరు ఆర్డర్లు తారీకుల వరసన ఉన్నాయి. లోపం కనబడలేదన్నప్పుడు కూడా, "బండి నడుస్తుండగా ఇంజను ఆగిపోతోంది" అన్న తన ఫిర్యాదును అవే మాటల్లో రాయించి, ఏ రోజు ఇచ్చారో ఏ రోజు తీసుకున్నారో వేయించాడు. ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పాడట, ఈ చట్టానికి ప్రాణం ఈ కాగితాలేనని.

ఆ చట్టం సంగతి ఆయన చెప్పగా నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కాలిఫోర్నియాలో 1970లోనే వారంటీల మీద ఒక చట్టం చేశారు. ఇచ్చిన వారంటీ ప్రకారం వస్తువును తగినన్ని ప్రయత్నాల్లో బాగుచేయలేకపోతే, కంపెనీ దాన్ని మార్చి ఇవ్వాలి, లేదా సొమ్ము తిరిగి ఇవ్వాలి. అయితే 'తగినన్ని' అంటే ఎన్ని? కంపెనీ ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూనే ఉంటుంది కదా. 1982లో కార్ల కోసం ఆ చట్టానికి అంకెలు చేర్చారు. కొన్న 18 నెలల్లోపు లేదా 18,000 మైళ్లలోపు, ఏది ముందైతే అది, ఒకే లోపానికి నాలుగుసార్లు బాగుచేయించినా పోకపోతే, లేదా ప్రాణం మీదికి తెచ్చే లోపమైతే రెండుసార్లకే, లేదా మొత్తం మీద 30 రోజులకు మించి బండి షెడ్డులోనే ఉండిపోతే, తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం కంపెనీదే. ఆ 1982లోనే కనెక్టికట్ రాష్ట్రం కూడా చట్టం చేసింది. నిమ్మకాయ చట్టం అన్న పేరు అక్కడినుంచే దేశమంతా పాకింది. ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది గాని అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాబట్టి మీ పిల్లలు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి లెక్క అక్కడే చూసుకోవాలి.

వకీలు ఖర్చు మాటేమిటని నేను అడిగాను. మన భయం అదే కదా. కొన్నవాడు గెలిస్తే ఆ ఫీజు కూడా కంపెనీయే కట్టాలట. తెలిసి తెలిసి మొండికేసిందని తేలితే నష్టానికి రెండింతల దాకా జరిమానా కూడా వెయ్యవచ్చట. ఇది విని మావారు మొదటిసారి కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

అల్లుడు ఆ కుర్రవాడికి ఫోను చేసి, "తమ్ముడూ, మా కారు నీకు పనికిరాదు" అని కారణంతో సహా చెప్పేశాడు. తరువాత వకీలు చేత కంపెనీకి ఉత్తరం రాయించాడు. కంపెనీ వాళ్లు మొదట కొంత సొమ్ము ఇస్తాం, కారు ఉంచుకోండి అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఆగస్టులో మనవరాలు పుట్టింది. ఆసుపత్రికి అద్దె కారులోనే వెళ్లాం. నవంబరులో కంపెనీ దారికి వచ్చింది. అప్పటిదాకా కట్టిన డబ్బు, పన్నులు, రిజిస్ట్రేషను, బండి లాగించిన ఖర్చు, అద్దె కారు ఖర్చు అన్నీ వచ్చాయి. మిగిలిన బ్యాంకు అప్పు కంపెనీయే తీర్చింది. వాడుకున్నందుకు కొంత కోత ఉంటుంది, దానికీ లెక్క ఉంది. మొదటిసారి షెడ్డుకు ఇచ్చేనాటికి తిరిగిన మైళ్లతో ధరను గుణించి 1,20,000తో భాగిస్తారు. మావాళ్లది అప్పటికి 3,000 మైళ్లు, అంటే కోత 900 డాలర్లు.

కారు అప్పగించే రోజున మావారు కూడా వెళ్లారు. కంపెనీ ఆ కారును బాగుచేసి మళ్లీ అమ్ముకోవచ్చు. కాని దాని యాజమాన్యపు కాగితం మీద ఇది నిమ్మకాయ చట్టం కింద వెనక్కి తీసుకున్న బండి అని ముద్ర ఉండాలి. ఎడమవైపు తలుపు చట్రం మీద ఆ సంగతి తెలిపే చీటీ అతికించాలి. కొనేవాడికి లోపం ఏమిటో రాసిచ్చి, ఆ లోపానికి ఏడాది వారంటీ ఇవ్వాలి. మావారు ఆ కాగితం పట్టుకుని, "అంటే ఇకమీదట దీన్ని ఎవరు కొన్నా వాళ్లకు తెలిసిపోతుందా?" అన్నారు. "తెలియాలనే కదా మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఇంటికొచ్చేదాకా ఆయన మళ్లీ నోరు విప్పలేదు.

అల్లుడు మరో సంగతి చెప్పాడు, నాకు బాగా పట్టింది. జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1970లో ఈ నిమ్మకాయ బళ్ల సంత మీదనే ఒక వ్యాసం రాశాడట. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఎందుకైనా మంచిదని కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడానికి ఇష్టపడడు. చివరికి సంతలో చెడ్డవే మిగులుతాయి. ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. మన పశువుల సంతలో పళ్లు పట్టి చూసే ముసలాయన కూడా ఇదే చెబుతాడనుకోండి, బహుమానం ఇచ్చేవారు లేరు గాని.

ఒక్క హెచ్చరిక. ఆ తరువాత అక్కడ కొన్ని మార్పులు వచ్చాయి. కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్నా, పాత కారు కొన్నవారికి కొత్త కారుకు ఉండే ఈ మార్పిడి హక్కు రాదని 2024 అక్టోబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నుంచి, కొత్త పద్ధతికి ఒప్పుకున్న కంపెనీల బళ్ల విషయంలో, వారంటీ ముగిసిన ఏడాదిలోపు, ఎలా చూసినా బండి అందిన ఆరేళ్లలోపు దావా వెయ్యాలి. పిల్లలకు చెప్పి ఉంచండి.

మేము తిరిగి వచ్చాక, 2024 జనవరిలో, మావారు తనంతట తానే ఒక కవరులో డబ్బు పెట్టుకుని "పద" అన్నారు. పక్క ఊరికి వెళ్లాం. ఆ రైతుకు ఇప్పుడు డెబ్భై దాటాయి. మావారు కవరు మంచం మీద పెట్టి, నూనె సంగతి, రంగు సంగతి దాచకుండా చెప్పారు. నేను కూడా, ఆ రోజు నువ్వు అడిగితే జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లిపోయాను అన్నయ్యా అన్నాను. ఆయన చాలాసేపు కవరు వైపు చూసి వెనక్కి నెట్టేశాడు. "ఇది నేను తీసుకోకూడదు బావగారూ. రెండేళ్లు చూసి నేనూ దాన్ని వినుకొండ వైపు ఒకాయనకు అలాగే అమ్మేశాను. ఆయన పేరు కూడా గుర్తులేదు" అన్నాడు.

మాకేం మాట్లాడాలో తోచలేదు. అప్పుడు ఆయన భార్య, "దాని సంగతి వదిలెయ్యండి వదినగారూ, మా వాడి ఆటో చూడండి" అంది. వాకిట్లో సరుకుల ఆటో ఉంది. కొని పది నెలలు. వాళ్లబ్బాయి కూరగాయలు వేసుకుని తానే నడుపుకుంటాడు. ఆరుసార్లు షెడ్డుకు వెళ్లింది, పొగ, వేడి, ఆగిపోవడం. కాగితాలున్నాయా అంటే రెండే ఉన్నాయి.

మన దేశంలో ఇన్నిసార్లు, ఇన్ని రోజులు అని లెక్క కట్టే ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం. 1986లో వచ్చింది, దాని స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. మనం నివసించే జిల్లాలోనే కమిషన్ ముందు ఫిర్యాదు చేసుకోవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా 1915కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. పొట్టకూటి కోసం తానే నడుపుకునే బండి వ్యాపారం కింద లెక్కకు రాదని 1993 సవరణలోనే చేర్చారు, ఇప్పటి చట్టంలోనూ ఉంది. చిక్కు ఎక్కడంటే, తయారీలోనే లోపం ఉందని చూపించే బరువు చాలావరకు మన మీదే పడుతుంది. అందుకు నిపుణుడి నివేదిక అడుగుతారు. పైగా వారంటీలో భాగం మార్చి ఇస్తామని మాత్రమే ఉంటే బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది.

నేను బడిపంతులమ్మగా పనిచేసినదాన్ని కాబట్టి రాత నాకు భయం లేదు. అబ్బాయిని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లి మిగిలిన నాలుగు జాబ్ కార్డుల నకళ్లు ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఇంజనీరింగు కాలేజీ మాష్టారొకాయన బండి చూసి నివేదిక రాసిచ్చారు. ఏడాది పైన పట్టింది. కమిషన్ బండి మార్చమనలేదు గాని, ఇంజను కొత్తది వెయ్యమని, ఆగిన రోజులకు నష్టపరిహారం ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చింది.

ఉత్తర్వు చదివి వినిపించడానికి వెళ్లినరోజు పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. అంతా విని, "బావగారూ, ఈ చట్టం మనం ట్రాక్టరు కొన్నప్పుడు కూడా ఉందా?" అని అడిగాడు.

"ఉంది. అప్పటికే ఏడేళ్లయింది" అన్నారు మావారు.

ఆయన తల ఆడించాడు. లోపలినుంచి ఆయన భార్య మాకు మజ్జిగ తెచ్చింది. కవరు ఇంకా మా బీరువాలోనే ఉంది.