కోయిలకుంట్ల మిద్దె మీది తీగ

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని మా ఊరికి తీసుకుపోతాను. మా ఊరు కోయిలకుంట్ల. మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో చేరింది. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు, నడుమ నల్లరేగడి నేల, ఆ నేలను కోసుకుంటూ పోయే కుందూ నది. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గం పూర్తయినప్పటి నుంచి మాకు రైలు కూడా వస్తున్నది.

మీరు రైలు దిగి మా ఇంటికి వస్తే, మంచినీళ్ళు ఇచ్చి నేరుగా మిద్దె ఎక్కిస్తాను. అక్కడ పెద్ద వింత ఏమీ కనబడదు. వేపచెట్టు కొమ్మ నుంచి నీళ్ళ ట్యాంకు దగ్గర నాటిన వెదురుబొంగు దాకా ఒక సన్నని రాగితీగ కట్టి ఉంటుంది. పొడవు ఇరవై మీటర్లు. ఎదురింటి అవ్వ అది బట్టలతీగ అనుకొని ఒకనాడు దుప్పటి ఆరవేసింది కూడా. ఆ తీగ నడిమధ్య నుంచి ఒక కేబులు దిగి, గదిలోని రేడియో పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టెతో నేను దూరపు ఊళ్ళ వాళ్ళతో మాట్లాడతాను. మాకూ వారికీ నడుమ టెలిఫోను స్తంభాలు లేవు, కంపెనీ లేదు, ఇంటర్నెట్టు లేదు. దీనిని హామ్ రేడియో అంటారు. ఔత్సాహిక రేడియో అని కూడా అంటారు. డబ్బు కోసం గాక, ఇష్టం కొద్దీ నేర్చుకొని చేసేది అన్నమాట.

"చేతిలో సెల్ ఫోను ఉండగా ఈ తంటా ఎందుకు తాతా?" అని మా మనుమడు అడిగాడు. మీరూ అడుగుతారు కాబోలు. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తన మనుషులతో వచ్చి మా ఊరి ఖజానా మీద పడ్డాడు. ఆ కబురు కడపకో కర్నూలుకో చేరాలంటే మనిషి పరుగెత్తాలి, లేదా గుర్రం పరుగెత్తాలి. అంతకు రెండేళ్ళ ముందే, 1844లో, అమెరికాలో మోర్సు అనే ఆయన తీగ మీద టక్కుటక్కుమని కబురు పంపి చూపాడు గాని, ఆ విద్య మన సీమకు ఇంకా రాలేదు. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని మా ఊళ్ళోనే ఉరితీశారు. ఆ కబురూ కాలినడకనే పోయి ఉంటుంది.

నా చిన్నప్పటికి కాలం మారింది. చావడి దగ్గర పంచాయతీ రేడియో ఉండేది. సాయంత్రం కాగానే పెద్దలు అరుగు మీద, మేము నేల మీద కూర్చుని వార్తలూ, ధరవరలూ, పాటలూ వినేవాళ్ళం. ఒకనాడు మా నాయనను అడిగాను: "నాయనా, ఆయన మనతో ఇన్ని మాటలు చెబుతాడు గదా, మనం చెప్పేది ఆయనకు వినబడదా?" అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది.

2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచాయి. మా అక్క అప్పుడు అక్కడ పాతబస్తీలో ఉండేది. ఫోను చేస్తే మోగదు. ఇంకొకరికి చేస్తే వారిదీ మోగదు. సెల్ ఫోను గాలిలో మాట్లాడుతుందని మనం అనుకుంటాం గాని, అది ఊళ్ళోని టవరు దాకానే గాలిలో పోతుంది. ఆ టవరుకు కరెంటు కావాలి, దాని వెనుక కేబుళ్ళు కావాలి. నీళ్ళు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే పోతాయి. ఎవరో మా అక్క ఉండే వీధి మొత్తం కొట్టుకుపోయిందన్నారు. ఇంకెవరో అందరూ క్షేమమన్నారు. వందో నూట పదో కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా, బతికి ఉన్నదో లేదో తెలియక రెండు రాత్రులు గడిపాం. మూడోనాటికి తెలిసింది: పక్కింటి వారి పై అంతస్తులో, తడిబట్టలతో, ప్రాణాలతో ఉన్నది. ఆ రెండు రాత్రులే నన్ను ఈ తీగ దగ్గరకు తెచ్చాయి. ఉద్యోగం నుంచి దిగిన తరువాత తీరిక దొరికింది.

మన దేశంలో హామ్ రేడియో 1921లో కలకత్తాలో మొదలయింది. అమరేంద్ర చంద్ర గుప్తూ, ముకుల్ బోస్ అనేవారు మొదటివారు. మన తెలుగువారికి దగ్గరలో పేరుపడినది హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ. అది 1983లో పుట్టింది. పన్నెండేళ్ళు నిండిన వారెవరైనా పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవచ్చు. అందులో రేడియో శాస్త్రం, నియమాలు ఉంటాయి. పై తరగతి లైసెన్సు కావాలంటే మోర్సు సంకేతాలు కూడా రావాలి. లైసెన్సు లేకుండా గాలిలోకి మాట పంపటం నేరం. ఇది గట్టిగా గుర్తుంచుకోండి. నెగ్గినవారికి ఒక పిలుపుపేరు ఇస్తారు. మన దేశపు పిలుపుపేర్లు చాలావరకు 'వి.యు.' అనే అక్షరాలతో మొదలవుతాయి. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ పేరు ఉండదు.

నేను హైదరాబాదు పోయి ఒక తరగతిలో చేరాను. ముప్ఫై ఏళ్ళకు పైగా నల్లబల్ల ముందు నిలబడిన వాణ్ణి, మళ్ళీ బల్ల వెనుక కూర్చున్నాను. నా పక్కన ఏడో తరగతి అమ్మాయి. అటుపక్క మోటార్లు బాగుచేసే మేస్త్రీ. వెనుక ఒక వైద్యురాలు. అటువంటి తరగతిని నేను మునుపు చూడలేదు. పాఠం చెప్పేవాడు మారుతూ ఉండేవాడు! టంకం వేయటం మేస్త్రీ నేర్పాడు. నా చేయి వణికి టంకం బొట్లుబొట్లుగా రాలుతుంటే, "సార్, ముందు తీగను వేడిచేయండి, టంకాన్ని కాదు" అన్నాడు. గణితం ఆ అమ్మాయికి నేను చెప్పాను. తరంగం పొడవు తెలిస్తే తీగ పొడవు తెలుస్తుంది: తరంగం నలభై మీటర్లయితే, తీగ అందులో సగం. మా మిద్దె మీద తీగ ఇరవై మీటర్లు ఎందుకున్నదో ఇప్పుడు మీకు తెలిసింది గదా!

మోర్సు దగ్గర మాత్రం అందరం తడబడ్డాం. పొట్టి చప్పుడు 'డిట్', పొడుగు చప్పుడు 'డా'. ఎక్కడ ఏది వస్తుందో గుర్తుండదు. ఒకరాత్రి నిద్రపట్టక పడుకొని ఉండగా, ఇది నాకు ఎప్పటినుంచో తెలిసిన లెక్కే గదా అనిపించింది. లఘువు, గురువు! డిట్ లఘువు, డా గురువు. కొలతలో తేడా ఉన్నది. గురువుకు రెండు మాత్రలైతే, డా మూడు డిట్ల పొడవు. అయినా వరసలు అవే. మూడేసి చప్పుళ్ళతో అయ్యే మోర్సు అక్షరాలు సరిగ్గా ఎనిమిది. మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే. మూడు లఘువుల న-గణం 'ఎస్' అక్షరం. మూడు గురువుల మ-గణం 'ఓ'. భ-గణం 'డి', ర-గణం 'కె'. ప్రమాదంలో పడిన ఓడ పంపే ఎస్.ఓ.ఎస్. ఏమిటి? న-గణం, మ-గణం, న-గణం!

తెల్లవారి తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే కాగితం తీసి, ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ అని రాసి, వాటి కింద డి, కె, ఎస్, డి, డి, కె, ఎ అని వేసింది. మీకు బళ్ళో ఛందస్సు వస్తే మిగిలిన వృత్తాలు మీరే కట్టి చూడండి. మీ తెలుగు మాస్టారు సంతోషిస్తారు, లేదా కోప్పడతారు.

ఇక నేను ఓడిపోయిన రోజు సంగతి. సందేశం అందుకొనే అభ్యాసం పెట్టారు. పక్కగది నుంచి రేడియోలో ఒకతను చదివాడు: "చెరువు గట్టు తెగింది. బడి మిద్దె మీద రెండు, ఆరు, ఇరవై ఆరు మంది. పసిబిడ్డలు ఇద్దరు. పాలు పంపండి. బియ్యం వద్దు, పొయ్యి లేదు." మేము వినిన దానిని కాగితం మీద పెట్టాలి. నేను చక్కని దస్తూరితో, "చెరువు గట్టు తెగిన కారణంగా పలువురు పాఠశాల భవనంపై తలదాచుకొన్నారు. తక్షణం ఆహారం అవసరం" అని రాశాను. అమ్మాయి కాగితంలో రెండు అచ్చుతప్పులు ఉన్నాయి, కాని అంకెలన్నీ ఉన్నాయి, పాలున్నాయి, పొయ్యి లేదన్న మాట ఉన్నది. నేర్పేవారు రెండు కాగితాలూ చదివి, "మాస్టారూ, మీ కాగితం చూస్తే పడవలో బియ్యపు బస్తా వేస్తారు" అన్నారు. అంతే. మరేమీ అనలేదు.

అంకెను విడివిడిగా ఎందుకు చెప్పారో గమనించారా? గరగరమనే రేడియోలో ఇరవై, అరవై ఒకటిగానే వినబడతాయి. అందుకని "రెండు, ఆరు" అని చెప్పి, తరువాత ఇరవై ఆరు అంటారు. వినినవాడు తిరిగి అప్పజెప్పాలి. చెప్పినవాడు ఔనన్న తరువాతనే సందేశం చేరినట్టు. జీవితమంతా పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్నాను. నేను అప్పజెప్పటం అక్కడే నేర్చుకున్నాను. మోర్సు పరీక్షలో మొదటిసారి తప్పాను కూడా. ఆ అమ్మాయి నెగ్గింది.

ఇటువంటి అభ్యాసం ఎక్కడ పనికివచ్చిందో చెబుతాను. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ బృందం ఒకటి అండమాన్ దీవులకు వెళ్ళింది. అందులో భారతీ ప్రసాద్ అనే ఆమె పోర్ట్ బ్లెయిర్‌లో హోటలు గదిలో రేడియో పెట్టి, ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతూ ఉన్నది. డిసెంబరు 26 ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి కంపించింది. వెనకే సునామీ వచ్చింది. టెలిఫోనులు మూగపోయాయి. సరదాగా తీసుకుపోయిన ఆ రేడియోలే, దీవులలోని వారి క్షేమసమాచారాలను ఇవతలి గట్టున ఉన్న బంధువులకు చేర్చాయి. బృందంలో వారు కార్ నికోబార్‌కు కూడా వెళ్ళి అక్కడ నుంచి సందేశాలు పంపారు.

అంత దూరం మాట ఎలా పోతుంది? భూమి గుండ్రంగా ఉన్నది. రేడియో తరంగం తిన్నగా పోతుంది. మా ఊరి నుంచి హైదరాబాదు తిన్నగా ఉత్తరాన సుమారు 240 కిలోమీటర్లు. తిన్నగా పోయే తరంగం అక్కడికి చేరేలోపల ఆకాశంలోకి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతుంది కూడా! కాని సుమారు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున, ఎండలోని అతినీలలోహిత కిరణాల వంటి వాటికి గాలి అణువులు విద్యుత్తు పూనిన పొర ఒకటి ఉన్నది. అయనావరణం అంటారు. నలభై మీటర్ల తరంగం దానికి తగిలి, వంగి, మళ్ళీ నేలకు దిగుతుంది. నేలకు తగిలి మళ్ళీ పైకి లేస్తుంది. మీరు కుంటలో చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది చూడండి, అలాగ.

ఇందులో ఒక తమాషా ఉన్నది. పగలు కింది పొర ఒకటి తరంగాన్ని కొంత మింగుతుంది. అందుచేత కొన్ని వందల కిలోమీటర్ల వరకే వినబడుతుంది. రాత్రి ఆ పొర మాసిపోతుంది. వేల కిలోమీటర్ల నుంచి మాటలు వచ్చి పడతాయి. కాని పై పొర కూడా రాత్రి పలచబడుతుంది గనుక, దగ్గరి ఊరి తరంగం కొన్నిసార్లు తిరిగి దిగకుండా పైకే పోతుంది. అప్పుడు దూరదేశం వినబడుతుంది, హైదరాబాదు వినబడదు! కొండలు అడ్డమన్న దిగులు మాత్రం లేదు. నల్లమల ఎంత ఎత్తయినా ఆకాశాన్ని అడ్డుకోలేదు గదా.

హామ్‌ల కోసం మనవారు ఉపగ్రహాన్ని కూడా ఎగరవేశారు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మీద 'హామ్‌శాట్' పోయింది. బరువు 42.5 కిలోలు, అనగా మీలో ఒకరి బరువంత. తొమ్మిదేళ్ళు పనిచేసి 2014లో మూగబోయింది. 2025 జూలైలో అంతరిక్ష కేంద్రంలో ఉన్న శుభాంశు శుక్లాతో మన విద్యార్థులు హామ్ రేడియోలోనే మాట్లాడారు.

ఇప్పుడు ఆదివారం ఉదయం మా మిద్దె మీదకు వీధి పిల్లలు నలుగురైదుగురు వస్తారు. వాళ్ళకు లైసెన్సు లేదు గనుక మాట్లాడరు, వింటారు, రాసుకుంటారు. మొదట నోట్‌బుక్కులో సమయం, తరువాత పిలుపుపేరు, తరువాత ఊరు. బ్యాటరీ, చిన్న బజ్జరు పెట్టి మోర్సు కొట్టుకుంటారు. దుప్పటి ఆరవేసిన అవ్వ కూడా వచ్చి కూర్చుంటుంది. ఆమె కొడుకు పనికోసం వలస పోయి హైదరాబాదులో ఉన్నాడు.

మొదటిసారి హైదరాబాదు నుంచి ఒకాయన నాకు జవాబిచ్చిన ఉదయం ఆమె అక్కడే ఉన్నది. ఆయన మా ఊరి పేరు సరిగ్గా అందక, మళ్ళీ చెప్పమన్నాడు. నేను "కో, యి, ల, కుం, ట్ల" అని విడదీసి చెప్పాను. ఆయన అలాగే, ఒక్కొక్క అక్షరమూ అప్పజెప్పాడు. అవ్వ చెవి దగ్గరగా పెట్టి వినింది. "అయ్యవారూ," అన్నది, "నా కొడుకు ఉండే ఊళ్ళో మన ఊరి పేరు చెప్పినాడే!"

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు 'డెబ్భై మూడు' అంటారు; శుభాకాంక్షలు అని దాని అర్థం. ఇప్పుడు మా వీధిలో పిల్లలు పొద్దుగూకి ఇళ్ళకు పోయేటప్పుడు మెట్ల మీద నుంచే "అవ్వా, డెబ్భై మూడు!" అని అరుస్తారు. ఆమె లోపల నుంచి, "ఆఁ, ఏడు, మూడు!" అని అప్పజెబుతుంది.