అడుగని ప్రశ్న



నా తప్పిదమొకటి నీతో చెప్పుకొనవలెనని యున్నది. మా సంఘములో డెబ్బది దాటిన దంపతులుండిరి. పెద్దాయనకు పక్షవాతము వచ్చి కుడిచెయ్యి పడిపోయెను. ప్రతి బుధవారము నేను వెళ్లి, ఆయన మంచము ప్రక్కను కూర్చుండి, ప్రార్థనచేసి వచ్చుచుంటిని. ఆయన భార్య గోడకానుకొని నిలిచి, ఆయన మాత్రల వేళలు నాకు చెప్పుచుండెడిది. ఏడాది పొడుగున ఒక్కనాడైనను, “అమ్మా, మీ ఒంట్లో ఎట్లున్నది?” అని నేనడిగి యెరుగను.

ఒక ఉదయమున ఆమె పెరటిలో జారిపడెను. ఆ మాత్రమునకే తుంటి యెముక విరిగెను. ఎముకలు గుల్లబారినవనియు, రక్తపుపోటును చక్కెరవ్యాధియు కూడ ఉన్నవనియు వైద్యుడు చెప్పెను. “ఇన్నాళ్లు చెప్పలేదేమమ్మా?” అంటిని. “ఎవరడిగినారయ్యగారూ?” అనెను. ఆ మాట నేటికిని నా గుండెలో గుచ్చుకొనియున్నది.

పిమ్మట నేను చదివి తెలిసికొన్న సంగతి యిది. స్త్రీలు పురుషులకంటె హెచ్చుకాలము బ్రదుకుదురు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున 60 ఏండ్లు నిండిన స్త్రీలు సుమారు 5.3 కోట్లు, పురుషులు 5.1 కోట్లు. అయితే ఆ హెచ్చిన యేండ్లు సుఖముగా గడచునవి కావు. ముట్లుడిగిన తరువాత ఎముకల గట్టిదనము త్వరగా తరుగును. కీళ్లనొప్పులును, మనోవ్యాకులమును స్త్రీలనే యెక్కువగ బాధించును. వైధవ్యమును వారికే హెచ్చు. పురుషుల కష్టము వేరు. గుండెజబ్బు వారిని ముందుగా పట్టుకొనును. రొమ్మునొప్పిని వాయువని త్రోసివేయువారును, మూత్రపుబాధను సిగ్గుచే దాచువారును వారిలో కలరు. భార్య పోయినచో, ఏ మాత్ర యే వేళకో తెలియక నిలువబడు వారిని నేనే చూచితిని.

లూకా సువార్త 13వ అధ్యాయములో 18 ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీ యున్నది. స్వస్థపరచుమని ఆమె అడిగినట్లు అక్కడ వ్రాయబడలేదు. ప్రభువే చూచి పిలిచెను. ఆ భాగముమీద నేనెన్నిమార్లో ప్రసంగించితిని. నా యెదుట గోడకానుకొని నిలిచిన ఆమెను మాత్రము చూడనైతిని.

ఆమె యిప్పుడు చేతికఱ్ఱతో నడచుచున్నది. నేను ఏ యింటికి వెళ్లినను భార్యను, భర్తను వేరువేరుగ అడుగుచున్నాను. చదువరీ, నీ యింట వృద్ధురాలైన తల్లి యున్నదా? ఈ రాత్రియే అడుగుము. “నాకేమి నాయనా, బాగానే యున్నాను” అనును. అక్కడ లేచిపోక, కూర్చుండి, మరల అడుగుము.