గొడ్డలి కామకి వార్నిషు

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఈ ఎండాకాలం సెలవులకి ఇంటికెళ్ళేసరికి నాన్న గొడ్డలి కామ విరిగి ఉంది. మేము ఇద్దరం అన్నదమ్ములం, చిన్నప్పట్నుంచి హాస్టళ్ళలో పెరిగినోళ్ళం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒక్క పనైనా మా చేత్తో చేసి చూపిద్దామని, "కొత్త కామ మేం చేస్తాం నాన్నా" అన్నాం.

పొయ్యి పైన అటక మీద ఏడాదిగా ఆరుతున్న చిరుమాను కర్ర తాత తీసిచ్చాడు. పచ్చి కర్రతో చేస్తే ఆరాక సన్నబడి గొడ్డలి ఊడిపోతదంట. నార కూడా కామ పొడుగునా తిన్నగా పోవాలంట, అడ్డంగా పోతే అక్కడే విరుగుతదంట. చెక్కడం తాతే చెక్కాడు. నునుపు చేసే పని మాకిచ్చాడు.

మాకు తొందర. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, సంతలో వార్నిషు డబ్బా కొని, ఒక్కరోజే రెండు పూతలు పూశాం. కొట్లో కొన్నదాన్లా మెరిసింది. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాం.

మూడో రోజు నాన్న కట్టెలు కొడుతుంటే చెమట చేతిలో కామ జారింది. గొడ్డలి ఆయన పాదం పక్కన రెండు వేళ్ళ దూరంలో దిగబడింది. నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది. మా పరీక్ష ఫీజులు ఆయన కూలి డబ్బులే కదా.

సాయంత్రం తాత మమ్మల్ని కూర్చోబెట్టాడు. గాజు పెంకుతో వార్నిషంతా గీకించాడు. తడిగుడ్డతో తుడిచి ఆరనిమ్మన్నాడు. ఆరాక చూస్తే సన్న నారలు ముళ్ళలా లేచాయి. వాటిని బరింక ఆకుతో రుద్దించాడు. ఆ ఆకు గరుకు కాగితంలాగే ఉంటది. మళ్ళీ తడి, మళ్ళీ రుద్దుడు. మూడోసారికి నారలు లేవలేదు. అప్పుడు గోరువెచ్చని ఇప్పనూనె చేత్తో పట్టించి, కాసేపయ్యాక మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిపించాడు. "ఏటేటా పట్టియ్యాలిరా" అన్నాడు.

ఎందుకో మా కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది. అవిసె నూనె అయోడిన్ విలువ 170కి పైన, గాలి తగిలితే గట్టిపడుతుంది. ఇప్పనూనెది 70 లోపే, గట్టిపడదు. అందుకే మళ్ళీ మళ్ళీ పట్టించాలి. ఆ పాఠం రాసి మార్కులు తెచ్చుకున్న మాకు, మా ఇంటి గొడ్డలి మాత్రం గుర్తు రాలేదు. బడి మొహం చూడని తాతని ముందే ఒక్కమాట అడిగుంటే సరిపోయేది. అడగాలనే తోచలేదు, అదే మాకు సిగ్గనిపించింది.

హాస్టల్‌కి వచ్చాక నాన్న ఫోన్ చేశాడు. "కామ బాగుందిరా, చెయ్యి జారట్లేదు" అన్నాడు. అప్పటికి మా మనసు కుదుటపడింది.

మీ ఊళ్ళో కామకి ఏ కర్ర వాడతారు, ఏ నూనె పట్టిస్తారు? ఈసారి ఇంటికెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడిగి ఇక్కడ రాయండి.