రాక్షసుడికి పులిహోర

మావాడికి బెంగుళూరులో ఉద్యోగం. సెలవులకి వచ్చినా గది తలుపేసుకుంటాడు, అడిగినదానికి "ఊఁ" తప్ప మాట రాదు. మొన్న సంక్రాంతికి మాత్రం ఇరవై ముఖాల పాచిక తెచ్చి, "అమ్మా, నువ్వూ ఆడాలి" అన్నాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో మనుషులై ఏం చేస్తామో చెప్పాలి. కుదిరిందీ లేనిదీ పాచిక తేలుస్తుంది.

వంతెన మీద రాక్షసుడు అడ్డం నిలబడ్డాడు. మా వారు, అమ్మాయి కత్తులు దూశారు. నేనేమో, "పాపం, తిన్నాడో లేదో! నా సంచిలో పులిహోర ఉంది, పెడతాను" అన్నాను. వాళ్ళిద్దరూ ఒకటే నవ్వు. మావాడు నవ్వలేదు. "పాచిక వెయ్యమ్మా" అన్నాడు. పద్దెనిమిది! రాసి తెచ్చుకున్న యుద్ధమంతా పక్కన పడేసి, రాక్షసుడి గొంతుతో వాడి కష్టాలు చెప్పడం మొదలెట్టాడు. నా పిచ్చిమాటకి కథే దారి మళ్ళింది చూడండి, ఆ ఆటలో రుచంతా అక్కడే ఉంది. వైకుంఠపాళిలో పాము మింగితే మింగినట్టే, మన మాట ఎవరు వింటారు?

రాత్రి పదకొండయింది, అంట్లు అలాగే ఉన్నాయి. ఊరెళుతూ, "రాక్షసుడు నిన్నడుగుతున్నాడమ్మా" అన్నాడు.

ఈ ఆదివారం ఫోనులో ఆడదామన్నాడు. సంచిలో ఈసారి గారెలు పెట్టుకున్నాను.